ఒకరు ఎక్కువ

గంట మోగేసరికి బఠాణీ చేతిలో ఒక తెల్ల చొక్కా ఉంది, చొక్కాకి మూడో గుండీ సగం కుట్టి ఉంది, సూది బట్టకి అవతలివైపు ముక్కు బయటపెట్టి ఆగిపోయింది. ఆమె సూది ఒక్కటే కాదు, గదిలో ఉన్న కుట్టు మిషన్లన్నీ ఆగిపోయాయి. అంతవరకూ రేకుల మీద వాన కురుస్తున్నట్టు ఎడతెగకుండా వినిపించిన చప్పుడు టక్కున తెగి, ఆ తెగినచోట పెద్ద గొయ్యి పడ్డట్టయింది. పక్కన కూర్చున్న గుండీలక్క తన మోకాలితో ఆమె మోకాలిని తట్టి, "లెక్క" అంది, పెదవులు కదపకుండా. "కదలకు, మాట్లాడకు. సైరన్ వచ్చేదాకా ఎక్కడికైనా పోయిరా."

"ఎక్కడికక్కా?"

"నీ ఇష్టం. నేనైతే ఇల్లు కడుక్కుంటా."

రెండో గంట కొట్టారు. గుండీలక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె మొహం చూస్తుండగానే ఖాళీ అయిపోయింది, ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసినట్టు.

ఆమెని ఇంట్లో బఠాణీ అంటారు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉండేదట. తర్వాత గెడకర్రలా సాగింది గానీ పేరు మాత్రం సాగకుండా అలాగే ఉండిపోయింది. నేరాలు, శిక్షలు, జైళ్ళు, శిక్ష పడ్డవాళ్ళని మళ్ళీ దారిలో పెట్టడం, ఇవే పాఠాలుగా ఉండే డిగ్రీ చదువుతోంది. ఆఖరి ఏడాది పిల్లలంతా కొన్ని వారాలు ఏ కోర్టులోనో ఏ స్టేషన్లోనో కూర్చుని పని చూసి రావాలి. ఆమెకి ఆడవాళ్ళ జైలు పడింది, జైల్లో ఇవాళ కుట్టుగది పడింది. పొద్దున గేటు దగ్గర నారింజరంగు కోటు తొడిగించి, బయటి మనిషివని తెలియాలి, తీయకు, అని మరీ చెప్పి పంపారు. కానీ ఇస్త్రీ బల్లల మీంచి ఆవిరి ఊదేస్తుంటే మెడంతా చెమటలు కారి, ఒక్క నిమిషం అనుకుని కోటు తీసి కొక్కేనికి తగిలించింది. ఆ నిమిషం ఎప్పుడు గడిచిపోయిందో ఆమెకి తెలియలేదు. గుండీలు తప్ప ఇంకేమీ కుట్టదు కాబట్టి గుండీలక్క అయిన ఆ మనిషి, "చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది, నడుంనొప్పి వస్తుంది. ఇదిగో, ఈ గుండీ వెయ్యి" అని చొక్కా చేతిలో పెట్టింది. పెట్టి, తన కొడుకు సంగతి ఎత్తుకుంది. "మా వాడొస్తున్నాడివాళ. మీసాలొచ్చాయంట! వాళ్ళ పిన్ని ఫోన్లో చెప్పింది. నేను ఆఖరుసారి చూసేప్పటికి ముందు పళ్ళూడిపోయి తొర్రినోరు. మాట్లాడ్డానికేముందిలే గానీ, ఆ మీసాలు చూడాలి ఒకసారి." ఆమె ఏం చేసి లోపలికొచ్చిందో బఠాణీ అడగలేదు. వాళ్ళు చెబితే వినాలి తప్ప మనం అడగకూడదని పాఠంలోనే ఉంది.

పాఠాలు చెప్పే మేష్టారు ఒకప్పుడు జైళ్ళలోనే పెద్ద అధికారి. జైలంటే గోడలు కావు, తాళాలు కావు, లెక్క, అనేవాడాయన. పొద్దున లెక్క, మధ్యాహ్నం లెక్క, సాయంత్రం లెక్క. లెక్క తేలితే జైలు ఉన్నట్టు, తేలకపోతే లేనట్టు. ఆ మాటలు పరీక్షలో పొల్లుపోకుండా రాస్తే మంచి మార్కులే వచ్చాయి. కానీ లెక్కపెట్టేవాళ్ళు ఏం చేస్తారో చెప్పాడు గానీ లెక్కలో పడేవాళ్ళు ఆ కాసేపూ ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు, అడగాలని క్లాసులో ఒక్కరికీ తోచలేదు.

చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మొదట ముక్కు దురద పెట్టింది, తర్వాత కాలు తిమ్మిరెక్కింది, ఆ తర్వాత, ఇంతమంది ఆడవాళ్ళు ఒక్క చోట నోరు మూసుకుని కూర్చోవడం లోకంలో ఇంకెక్కడైనా ఉంటుందా అని నవ్వొచ్చింది, నవ్వు ఆపుకోవడానికి చూపు పక్కకి తిప్పింది. ముందు వరసలో కళ్ళజోడావిడ ఒళ్ళో వేళ్ళు కదులుతున్నాయి. ఏ బట్టా లేదు, దారమూ లేదు. కుడివైపు నుంచి ఒకటి మధ్యలోకి, ఎడమవైపు నుంచి ఒకటి మధ్యలోకి, మళ్ళీ కుడివైపుది. కాసేపటికి గానీ అర్థం కాలేదు, అది జడ. కనబడని జుట్టు, కనబడని మూడు పాయలు. చివరిదాకా అల్లి, వేలికి రిబ్బను చుట్టి ముడేసి, ముడి మీద ముద్దుగా ఒక్కటి తట్టి, జడ బాగా రాలేదో ఏమో విప్పేసి మళ్ళీ పైనుంచి ఎత్తుకుంది. కిటికీ దగ్గర ముసలావిడ కాలి బొటనవేలు ఆగి ఆగి నేలని నొక్కుతోంది, మిషను తొక్కినట్టు కాదు, ఉయ్యాలని నిద్రపుచ్చుతున్నట్టు. ఇంకొకామె గొంతు కదిలింది, ఏదో వేడివేడిగా మింగినట్టు. మింగి, పెదవులు తడుపుకుని, ఇంకొంచెం వేయమన్నట్టు గడ్డం కాస్త ఎత్తింది. ఇంకొకామె కళ్ళు తెరుచుకునే శుద్ధంగా నిద్రపోతోంది. అప్పుడు బఠాణీ మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి గుండీలక్కని చూసింది. గుండీలక్క కనుగుడ్లు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, మళ్ళీ ఎడమకి, నీళ్ళని చీపురుతో తోసుకుంటూ వెళ్తున్నట్టు. మధ్యలో ఒకచోట ఆగాయి, అక్కడేదో బల్లో పెట్టో అడ్డమున్నట్టుంది, దాన్ని ఎత్తి పక్కన పెట్టి, కింద కూడా కడిగి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేంతసేపు ఆగి, ముందుకు సాగాయి.

ఇల్లు కడుక్కుంటానన్నది మాటవరసకి కాదన్నమాట. బఠాణీ ఒంటి మీద రోమాలు లేచాయి. నాలుగు గోడలు, ఒక తలుపు, దానికి బయటినుంచి తాళం. ఇంతమంది కూర్చుని ఉన్నారు, ఒక్కరూ ఇక్కడ లేరు. ఒకామె వంటింట్లో ఉంది, ఒకామె గుమ్మంలో కూతురిని ముందు కూర్చోబెట్టుకుని ఉంది, ఒకామె వీధి దాటుతోంది కాబోలు, అటూ ఇటూ చూసుకుంటోంది. ఎన్ని ఇళ్ళు, ఎన్ని సందులు, ఎన్నేసి గదులు, ఇంత చిన్న చోట ఒకదానికొకటి తగలకుండా, ఒకరి నీళ్ళు ఇంకొకరి గుమ్మంలోకి పారకుండా ఎలా పట్టాయి? ఊపిరి గట్టిగా తీసుకుంటే ఎవరిదో ఒక గోడ కూలిపోతుందేమోనని భయమేసి మెల్లగా పీల్చింది. ఇలా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నిలబడిపోవడం ఆమె జన్మలో ఒక్కసారే జరిగింది, సముద్రాన్ని మొదటిసారి చూసిన రోజు. అప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. దూరాన ఓడ ఒకటి అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. అన్నయ్య అందులోనే ఉన్నాడా అమ్మా, అంటే, ఉన్నాడే, ఊపు చెయ్యి, అంది అమ్మ. బఠాణీ చెయ్యి ఊపింది. పక్కకి చూస్తే అమ్మ కూడా ఊపుతోంది, చీర కొంగు గాలికి ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా, ఓడ కనబడకుండా పోయేదాకా. అది ఎవరి ఓడో, ఎక్కడికి పోతోందో ఇద్దరికీ తెలియదు. ఇద్దరిలో ఒకరికి అందులో అన్నయ్య లేడని మాత్రం తెలుసు.

అన్నయ్య ఓడలో పనికి వెళ్ళాడని వీధంతా చెప్పుకున్నారు. పనిచేసే గోడౌనుకి రాత్రిపూట స్నేహితుల కోసం తాళం తీసి ఇచ్చాడు, సరుకు పోయింది, స్నేహితులు పారిపోయారు, తాళం తీసినవాడు దొరికాడు. ఇదంతా బఠాణీకి చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఓడ. బళ్ళో ఏ బొమ్మ గీయమన్నా ఓడే గీసేది. అమ్మ బజారులో వాసన సబ్బులు కొని, వాటి కాగితాలు విప్పేసి, మా వాడు పంపాడు అని ఇరుగుపొరుగుకి పంచిపెట్టింది. తిరిగొచ్చిన రోజు పక్కింటావిడ చూడటానికి వచ్చి బుగ్గన వేలేసుకుంది, "అదేంటి, సముద్రం మీద ఎండకి నల్లబడాలిగానీ, మీవాడు తోలు తీసిన ముల్లంగిలా తెల్లబడిపోయాడే!" అని. అమ్మ ఏదో సర్దిచెప్పింది. కానీ ఆ సాయంత్రమే బఠాణీ అన్నయ్య మోకాళ్ళ మీద వాలి, సముద్రంలో చేపలు ఎగురుతాయటగా, నువ్వు చూశావా అని అడిగితే, "నేను చూళ్ళేదు బఠాణీ. నేను సముద్రం మీద లేను" అన్నాడు. వంటింట్లో అమ్మ చేతిలోంచి గిన్నె జారి పడింది. ఆ గిన్నె చప్పుడు తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అన్నయ్యకి రొట్టెల బట్టీలో పని దొరికింది. చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి వస్తాడు, తింటాడు, పెరటి గుమ్మం బయట సిమెంటు మెట్టు మీద కూర్చుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, ఒళ్ళు కదలదు, పిలిస్తే పలకడు. అమ్మ డాక్టర్లకి చూపించింది, బలం మందులు మింగించింది, మనిషి వచ్చాడు గానీ మనసు అక్కడే ఉండిపోయింది అని కళ్ళొత్తుకుంది, ఆఖరికి, వాడి జోలికి పోకండి అని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ వేసింది. అప్పటినుంచీ తీగ మీద బట్టలు తేవాలన్నా బఠాణీ పిల్లిలా అడుగులేస్తూ అతని పక్కనుంచి వెళ్ళి, పక్కనుంచే వచ్చేసేది. ఇంటర్ అయ్యాక, ఏం చదువుతావే అంటే, ఈ చదువు పేరు చెప్పింది. దొంగలూ దొరలూ ఉండే చోటికి ఆడపిల్ల ఎందుకని అమ్మ మొత్తుకుని, చివరికి, సరే, వీధిలో మాత్రం లా చదువుతోందని చెబుతాను అంది. అబ్బాయికి ఓడ, అమ్మాయికి లా. రెండో ఏడు పుస్తకంలో, ఎక్కువకాలం లోపల ఉండి వచ్చినవాళ్ళు బయట కూడా లోపలి మనుషుల్లాగే మసలుతారని ఒక అధ్యాయం ఉంది, ఆ జబ్బుకో పేరు కూడా ఉంది. ఆ పేరు దొరికిన రోజు బఠాణీ పండగ చేసుకుంది. పేరు తెలిస్తే సగం నయమైనట్టే అనుకుంది. మర్నాడు మెట్టు మీద అన్నయ్యని కిటికీలోంచి చూసి, పుస్తకంలో గీతలు గీసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటీ అతని వీపుకి అతికించి చూసింది. అన్నీ అతుక్కున్నాయి.

"ఒకరు ఎక్కువొస్తున్నారు."

తలుపు దగ్గర వార్డర్లు ఇద్దరు, ఒకామె పొడుగు, ఒకామె పొట్టి. మధ్యాహ్నం డ్యూటీకి అప్పుడే వచ్చినవాళ్ళు. పొడుగామె వేలితో గాల్లో పొడుస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి లెక్కపెట్టడం రెండోసారి ముగించింది.

"ఎక్కువేంటి? తక్కువైతే విన్నాం" అంది పొట్టామె.

"నన్నడిగితే? నువ్వు పెట్టు."

పొట్టామె పెట్టింది. ఆమె వేలు బఠాణీ మొహం మీద కూడా ఒక క్షణం నిలిచి, పక్కకి జరిగింది. "ఎక్కువే" అంది నీరసంగా. "పారిపోయినోళ్ళని చూశాను గానీ, గోడ దూకి లోపలికొచ్చినదాన్ని చూళ్ళేదమ్మా."

వెనక వరసలో ఎవరి భుజాలో నవ్వుకి కదిలాయి. పొడుగామె రేడియోలో చెప్పింది. రేడియో గరగరలాడి, లెక్క తేలేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి, పనులన్నీ బంద్, ములాఖత్ బంద్, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టండి, టైమయిపోతే పంపించెయ్యండి, అని ఆగింది.

బఠాణీకి ముందు ఏమీ తట్టలేదు. ఎవరబ్బా ఆ ఎక్కువ మనిషి అని తను కూడా కళ్ళతో వెతికింది. లేతనీలం చొక్కాల వరసలు. అదే లేతనీలం తన ఒంటి మీద ఉందని అప్పుడు చూసుకుంది. పొద్దున బీరువాలోంచి చేతికందిన చొక్కా. నారింజరంగు కోటు ఇస్త్రీ బల్ల పక్కన కొక్కేనికి, అది ఎవరిదో తనకి తెలియనట్టు, వేలాడుతోంది. లేచి చెప్పెయ్యాలి. లేవకూడదు. మాట్లాడాలి. మాట్లాడకూడదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. యూనిఫారం చూస్తే నోరు పెగలకపోవడం ఆమెకి కొత్త కాదు. అన్నయ్య కోసం ఇద్దరు వచ్చిన పొద్దున, చుట్టాలొస్తే మంచినీళ్ళివ్వాలని నేర్పారు కదా అని, రెండు గ్లాసులతో నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. ఒకాయన తాగి, మంచి పిల్లవి, అని తల నిమిరాడు. తర్వాత వాళ్ళు అన్నయ్యని తీసుకెళ్ళారు. పాఠాలు చెప్పే మేష్టారి ముందు కూడా, ఆయన ఎప్పుడో వదిలేసిన యూనిఫారం ఆయన భుజాల మీద ఇంకా కనిపించేది ఆమెకి.

కానీ భయం ఒక్కటే అయితే అంతసేపు కూర్చునేది కాదేమో. వేలు తన మీద నిలిచిన ఆ క్షణం పోవడం లేదు. ఎవరో చూపుతో తాకి, ఒకటి, అనుకున్నారు. ఆ ఒకటిలో తన చదువు లేదు, తన ఇల్లు లేదు, తాను ఏ తప్పూ చేయలేదన్న సంగతి లేదు. గుండీలక్క ఒకటి, జడ అల్లిన ఆవిడ ఒకటి, తనొకటి. పుస్తకాల్లో వాళ్ళ గురించి ఎన్ని పేజీలు తిప్పింది, ఎన్ని వాక్యాల కింద గీతలు గీసింది! ఒక్క కుర్చీ జరగకుండా, ఒక్క గోడ కదలకుండా, తాను ఆ పేజీలోకి వచ్చి కూర్చుంది, పేజీకి తేడా తెలియలేదు. ఇంత తేలికా? అన్నయ్య కూడా ఒకరోజు పొద్దున లేచేసరికి ఇలాగే ఒకటి అయ్యాడా? ఎక్కడికైనా పోయిరా అంది గుండీలక్క. బఠాణీ వెళ్ళి చూద్దామనుకుంది. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. ముందుగది నేల కాళ్ళకి చల్లగా తగిలింది, నిజంగానే తగిలింది. వంటింట్లో అమ్మ గిన్నెలు తోముతోంది. చప్పుడు కాకుండా దాటుకుని పెరటి తలుపు తీసింది. మెట్టు మీద అన్నయ్య. ఎప్పటిలా వీపే కనబడింది, కానీ ఈసారి ఆమెకి అది వీపులా కనబడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్న తీరు, మెడ నిలబెట్టిన తీరు, కళ్ళు తెరిచి ఉండి ఖాళీగా ఉన్న తీరు, ఇదంతా ఇప్పుడు తన చుట్టూ ఉన్నదే, వరసలు వరసలుగా ఉన్నదే. అది జబ్బు కాదు. ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళంతా పిల్లుల్లా అడుగులేస్తూ దాటుకుపోయిన ఆ మనిషి విరిగిపోయి కూర్చోలేదు, ప్రయాణంలో ఉన్నాడు. తాళాల వెనక, ఎవరూ నేర్పకుండా, చేతిలో ఏమీ లేకుండా నేర్చుకున్న విద్య అది; బఠాణీ బొమ్మల్లో గీసిన ఓడలన్నిటికంటే పెద్ద ఓడ. అందులో అన్నయ్య నిజంగానే ఉన్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు. అర్ధరాత్రి పైకప్పు తీసేస్తే నక్షత్రాలు మీద పడ్డట్టు, మోయలేనంత వెడల్పుగా అనిపించింది, అంతే. ఈ గదిలోంచి తానెప్పటికీ లేవకపోయినా ఫరవాలేదనిపించింది.

పక్కన చిన్న చప్పుడయింది. గుండీలక్క ఎంగిలి మింగింది. ఆమె కనుగుడ్లు ఇల్లు కడగడం లేదు. గోడ గడియారం మీద ఆగిపోయాయి. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి గానీ, ఒక బొటనవేలు రెండో బొటనవేలి గోటిని గీరుతోంది, గీరుతోంది. ఆమె ఇప్పుడు ఎక్కడికీ పోలేకపోతోందని బఠాణీకి తెలిసింది. ఎందుకంటే పోవలసిన చోటు ఇవాళ నిజంగానే నాలుగు గదుల అవతల, గాజు పలక ముందు, మీసాలు పెట్టుకుని కూర్చుని ఉంది. దాన్ని అక్కడినుంచి లేపి పంపించేస్తారు. పంపించేది తనే.

చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎవరో పరాయివాళ్ళదిలా కనిపించింది. "నేనే మేడమ్" అంది. గొంతు కీచుగా వచ్చింది. "నేనే ఎక్కువ."

మిషన్ల వెనకనుంచి అన్ని మొహాలూ ఒక్కసారి తిరిగాయి, అందరూ ఎక్కడెక్కడినుంచో హడావుడిగా వచ్చేసినట్టు.

"నోర్ముయ్!" అంది పొడుగామె. వెంటనే, "ఏంటీ? నీ నంబరెంత?"

"నాకు నంబరు లేదండీ. స్టూడెంటుని. కోటు అదిగో, అక్కడుంది."

ఈలోగా లెక్క తేలడం లేదని పెద్ద మేడమ్ స్వయంగా వచ్చింది. కోటు చూసింది, బఠాణీని చూసింది, బఠాణీ ఒళ్ళో సూది గుచ్చిన చొక్కా చూసింది. "ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

"మాట్లాడకూడదన్నారు కదండీ."

ముందు నవ్వింది ముసలావిడ. పళ్ళు లేని నవ్వు, పఫ్‌మని. అది వరసలోంచి వరసలోకి పాకి, గదంతా ఘొల్లుమంది. పొట్టామె మొహం గోడవైపు తిప్పుకుంది. పెద్ద మేడమ్ మాత్రం నవ్వలేదు, నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుని, "ఇక్కడికి రాకముందే ఇంత క్రమశిక్షణ ఉంటే ఇక మేం దిద్దేదేముంది? కోటు వేసుకుని నా వెంట రా" అంది. సైరన్ మోగింది. మిషన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. గుండీలక్క అప్పటికే తలుపు దగ్గర ఉంది. పరిగెత్తకూడదు కాబట్టి పరిగెత్తడం లేదు గానీ, నడకనేది అంత వేగంగా ఉండగలదని బఠాణీ ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసులో చీవాట్లు తిని, మేష్టారికి ఫోన్లో కూడా తినిపించి, గేటువైపు వస్తుంటే దారిలో ములాఖత్ గది. తలుపుకి చిన్న అద్దం ఉంది. చూడకూడదేమో అనుకుంటూనే చూసింది. గాజు పలకకి ఇవతల గుండీలక్క, అవతల బక్కపల్చటి కుర్రాడు. టెలిఫోన్ రిసీవరు ఇద్దరి చేతుల్లోనూ ఉంది, ఇద్దరూ మాట్లాడటం లేదు. కుర్రాడు గడ్డం పైకెత్తి, మొహాన్ని ఇటు తిప్పి కొంచెంసేపు ఆపాడు, అటు తిప్పి కొంచెంసేపు ఆపాడు, ఫోటో దిగేవాడిలా. చెవులదాకా ఎర్రబడిపోయాడు. పైపెదవి మీద బొగ్గుతో సన్నగా గీసినంత నూగు. తల్లి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. రాజుగారి పట్టాభిషేకాన్ని కూడా ఎవరూ అలా చూసి ఉండరు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. "ఏమే, ఇవాళేం చూపించారు?" అని అమ్మ వంటింట్లోంచి అడిగితే, చెబుతానమ్మా, అంటూనే బఠాణీ పెరటి తలుపు తీసింది. మెట్టు మీద అన్నయ్య ఉన్నాడు. అతని జుట్టులో బట్టీ పిండి తెల్లగా ఇంకా అలాగే ఉంది. ఆమె పిల్లిలా నడవలేదు. మామూలుగా నడిచి, పక్కన కూర్చుంది. సిమెంటు వేడిగా ఉంది. అతను తల తిప్పలేదు. తిప్పకుండానే, "ఏంటి బఠాణీ?" అన్నాడు.

"ఇవాళ జైల్లో లెక్కలో నన్ను కూడా కలిపేసుకున్నారు అన్నయ్యా."

జరిగింది చెప్పింది. మాట్లాడకూడదన్నారు కదండీ అన్న చోటికి వచ్చేసరికి అతని పొట్ట కదిలింది. నవ్వు. ఆ నవ్వు చప్పుడు ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది. ఆ ధైర్యంతోనే అడిగేసింది. "నువ్విక్కడ కూర్చుని ఎక్కడికి పోతావు?"

"ఎక్కడికి పోతానే?" అన్నాడు ఆశ్చర్యంగా. "ఎక్కడికీ పోను."

అతను ఎదురుగా చూస్తూ, అరిగిన పలుగుతో గట్టి నేల తవ్వుతున్నట్టు, మాట తర్వాత మాట పెకలించుకుంటూ చెప్పాడు. "లోపలున్నప్పుడు పోయేవాణ్ణి. రోజూ, లెక్కకి. ఇక్కడికే. ఈ మెట్టు మీదికే. అదిగో ఆ కుళాయి, తీగ మీద బట్టలు, గోడ మీద ఆ పగులు. అన్నీ ఉన్నాయా అని చూసుకుని వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు నిజంగానే వచ్చేశాగా. అయినా రోజూ నమ్మకం కుదరదు. కూర్చుని చూస్తుంటా."

ఆమె కుళాయిని చూసింది. తీగని చూసింది. పుట్టినప్పటినుంచీ ఉన్న పెరడు. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నువ్వూ ఉండేదానివి" అన్నాడు అన్నయ్య.

"నేనా?"

"ఇక్కడే, ఈ పక్కన. కాళ్ళూపుకుంటూ కూర్చుని ఏవేవో అడిగేదానివి. నేను చెప్పేవాణ్ణి. ఎన్ని చెప్పానో నీకు! తీరా వచ్చి చూస్తే మెట్టు ఉంది, కుళాయి ఉంది. నువ్వు మాత్రం ఎప్పుడూ వచ్చి కూర్చోలేదు." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. పిల్లకి చదువులుంటాయి, పనులుంటాయి అని తనకి తానే ఎప్పుడో సర్దిచెప్పుకున్న మనిషి గొంతు.

లోపల అమ్మ గిన్నెలు తోమడం ఆగింది. పక్కింటి గోడ నీడ మెల్లగా వాళ్ళ పాదాల మీదికి వచ్చింది. అన్నయ్య కాస్త జరిగి చోటిచ్చాడు, అప్పటికే చోటున్నా.

"నేనేం అడిగేదాన్ని?" అంది.

అన్నయ్య చెప్పడం మొదలుపెట్టాడు.